ఒక్క డాలరు దస్తావేజు

1953 ఏప్రిల్ 28న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని నయాగరా ఫాల్స్ పట్టణంలో సుమారు 16 ఎకరాల స్థలం చేతులు మారింది. అమ్మింది హుకర్ ఎలక్ట్రోకెమికల్ కంపెనీ. కొన్నది ఊరి విద్యాబోర్డు. ధర ఒక్క డాలరు. ఇంత చవగ్గా వస్తోందంటే ఏదో మెలిక ఉండే ఉంటుందని మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు బయట కూర్చునే దస్తావేజు లేఖరి ఇట్టే పసిగట్టేవాడు. నిజానికి ఆ మెలికను ఎవరూ దాచలేదు. ఈ స్థలంలో రసాయనాల తయారీలో మిగిలిన వ్యర్థాలు నింపామని, ఆ సంగతి కొనేవాళ్లకు చెప్పామని, ఇకమీదట వాటివల్ల ఎవరికైనా దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా, ఆస్తికి నష్టం వచ్చినా కంపెనీ మీద దావా వెయ్యకూడదని దస్తావేజు చివర్లోనే రాసి ఉంది. బోర్డు సంతకం పెట్టి, ఆ స్థలంలో పిల్లలకు బడి కట్టింది. పక్కన విషం ఉంటే ఇంటి ధర పడిపోతుందన్నది ఎవరినడిగినా చెప్పే మాట. లవ్ కెనాల్ అని లోకానికి తెలిసిన ఈ చోటి చరిత్ర వరసగా చదివితే ఆ మాట సగమే నిజమని తేలుతుంది. విషం పాతికేళ్లు ఉన్నా అక్కడ ధర కదల్లేదు. ప్రభుత్వం ఒక కాగితం మీద వీధుల లెక్కన గీత గీసిన వారంలో కుప్పకూలింది. ఆ విషం ఇంకా భూమిలోనే ఉండగా, ఇంకో కాగితం వచ్చాక మళ్లీ లేచింది. కాబట్టి ఇంటి ధరను విషాన్ని కొలిచే సాధనంగా వాడటం తప్పని నా వాదన. ఆ విషం గురించి ఎవరు, ఏ వీధి పేరు పెట్టి, ఏ బాధ్యత నెత్తిన వేసుకుని రాశారన్నదాన్నే అది కొలుస్తుంది.

కాలువకు ఆ పేరు విలియం లవ్ అనే వ్యాపారి వల్ల వచ్చింది. 1890లలో ఆయన నయాగరా నది నుంచి కాలువ తవ్వి, ఆ నీటి వాలుతో కరెంటు పుట్టించి, ఒక ఆదర్శ నగరం కట్టాలనుకున్నాడు. 1893 ఆర్థిక మాంద్యంలో పెట్టుబడి ఆవిరైంది. పైగా కరెంటును దూరాలకు పంపే పద్ధతి వచ్చాక ఫ్యాక్టరీ జలపాతం పక్కనే ఉండాల్సిన అవసరం తీరిపోయింది. మిగిలిందల్లా సుమారు 3,000 అడుగుల పొడవున్న గొయ్యి. వేసవిలో పిల్లలు అందులో ఈతలు కొట్టేవాళ్లు. 1942 నుంచి 1953 దాకా హుకర్ కంపెనీ అందులో దాదాపు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలు పోసింది. క్లోరిన్ కలిసిన ద్రావకాలు, పురుగుమందుల తయారీలో మిగిలిన మడ్డి, డయాక్సిన్ చేరిన వ్యర్థాలు, చాలామటుకు ఇనప డ్రమ్ముల్లో పెట్టి దించి, పైన బంకమట్టి కప్పారు. ఆ కాలపు లెక్కల్లో ఇది నిర్లక్ష్యం కూడా కాదు, మామూలు పద్ధతి. డ్రమ్ము తుప్పు పట్టనంత కాలం, మట్టిమూత చెదరనంత కాలం అది పనిచేసేది కూడా. 1954లో బడి పునాదులు తీస్తుంటే రసాయనాల గుంటలు బయటపడ్డాయి. భవనాన్ని కాస్త పక్కకు జరిపి కట్టేశారు. మరుసటేడు బడి తెరిచారు.

ఇళ్ల దగ్గరికొస్తే కథ ఇంకాస్త చిత్రంగా ఉంటుంది. బడికి అటూ ఇటూ 97వ వీధిలో, 99వ వీధిలో వరసగా లేచిన ఇళ్లు కాలువ మీద కట్టినవి కావు. వాటి పెరడు కాలువ గట్టును ఆనుకుని ఉండేది, అంతే. ఆ స్థలాలు హుకర్ కంపెనీవి కావు, ఎప్పుడూ కాలేదు. కాబట్టి కంపెనీ దస్తావేజులో రాసిన హెచ్చరిక ఆ ఇళ్ల దస్తావేజుల్లోకి వచ్చే దారే లేదు. కొనేవాడు ఎంత జాగ్రత్తపరుడైనా, వకీలును పెట్టుకుని ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు తిరగేయించినా, టైటిల్ శుభ్రంగానే కనబడేది. హెచ్చరిక పక్క స్థలం కాగితాల్లో భద్రంగా పడి ఉంది. విషం మాత్రం సర్వే రాళ్లను చూసి ఆగలేదు, భూమిలోపలి నీటితో పాటు పెరళ్లలోకి నడిచింది. బోర్డు తన స్థలంలో కొంత ముక్కను ఇళ్లు కట్టేవాళ్లకు ఇవ్వబోతే, 1957 నవంబరులో కంపెనీ ప్రతినిధి సమావేశానికి వచ్చి, అక్కడ నేలమాళిగలు తవ్వే కట్టడాలు తగవని వాదించాడు. ఆ మాట ఊళ్లో పత్రికకూ ఎక్కింది. అయినా వీధులు వేశారు, మురుగు గొట్టాలు దించారు, మట్టిమూత చాలాచోట్ల చెదిరింది, ఇళ్లు అమ్ముడుపోతూనే ఉన్నాయి.

మరి అక్కడివాళ్లకు ముక్కులు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. పెరట్లో పిల్లలు రాళ్లు విసిరితే కొన్ని నిప్పురవ్వలు రాల్చేవి, భాస్వరపు ముక్కలన్నమాట. కాళ్లు, చేతులు మంట పుట్టి ఇంటికొచ్చిన పిల్లలున్నారు. అయినా రసాయన ఫ్యాక్టరీల ఊళ్లో రసాయనాల కంపు ఎవరినీ కంగారు పెట్టదు. ఆ కంపులోనే నెల జీతం ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే వాసన ఆగిపోయిన రోజున కదా అక్కడ జనం భయపడేది! ధర అన్నది అమ్మేవాడు, కొనేవాడు ఒక దగ్గర కూర్చుని తేల్చుకునే అంకె. ఇద్దరికీ తెలియనిది అందులోకి రాదు. తెలిసినా ఇద్దరూ మామూలే అనుకున్నది కూడా రాదు. లవ్ కెనాల్ పక్కన ఇల్లు కొన్నవాళ్లు తక్కువ ధరకు కొని ప్రమాదాన్ని భుజాన వేసుకున్నవాళ్లు కారు. పూర్తి ధర పెట్టి, బ్యాంకు అప్పు తీర్చుకుంటూ, అదనంగా విషం పుచ్చుకున్నవాళ్లు.

1976-77 చలికాలంలో మంచు విపరీతంగా కురిసింది. భూగర్భజలం పైకి లేచింది. నేలమాళిగ గోడల్లోంచి నల్లటి జిడ్డు ఊరడం, నీటిని బయటికి తోడే పంపు గుంటల్లో నూనెలాంటి తెట్టు కట్టడం, పెరట్లో తుప్పుపట్టిన డ్రమ్ము అంచు మట్టిలోంచి తొంగిచూడటం మొదలైంది. నయాగరా గజెట్ పత్రిక వరసగా కథనాలు రాసింది. 1978 ఆగస్టు 2న రాష్ట్ర ఆరోగ్య కమిషనర్ రాబర్ట్ వాలెన్ అత్యవసర పరిస్థితి ప్రకటించి, బడి మూయమని, గర్భిణులూ రెండేళ్ల లోపు పిల్లలూ కాలువకు బాగా దగ్గరగా ఉన్న ఇళ్లు వదలమని చెప్పాడు. ఐదు రోజులకు, ఆగస్టు 7న, అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ కేంద్రం తరఫున అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. కాలువను ఆనుకున్న రెండు వరసల ఇళ్లు, మొత్తం 239 కుటుంబాలవి, రాష్ట్రం కొనేస్తుందని గవర్నర్ హ్యూ కేరీ చెప్పాడు. ఈ ఐదు రోజుల్లో మట్టిలోని డ్రమ్ములు ఒక్క అంగుళం కదల్లేదు. జులై 31న ఎంత విషం ఉందో ఆగస్టు 8న కూడా అంతే ఉంది. కానీ జులైలో ఆస్తి అనిపించుకున్నది ఆగస్టుకు ఎవరూ ముట్టని సరుకైంది. రెండో వరస దాటిన ఇళ్ల సంగతి ఇంకా ఘోరం. వాటిని ప్రభుత్వం కొనదు. ప్రభుత్వం గీత గీసి పక్కింటిని ఖాళీ చేయించాక ఇంకెవరూ కొనరు. అప్పు వాయిదాలు మాత్రం నెలనెలా వచ్చి పడతాయి.

ఆ గీత బయట, 101వ వీధిలో ఉన్న గృహిణి లోయిస్ గిబ్స్. ఆమె కొడుకు ఆ బడిలోనే చదివేవాడు. ఆమె నడిపిన సంఘం పేరు లవ్ కెనాల్ ఇళ్ల యజమానుల సంఘం. పేరులోనే పోరాటం ఎవరిదో, దేని కోసమో ఉంది. తమను కూడా గీత లోపలికి చేర్చమని రెండేళ్ల పాటు అడిగారు. 1980 మేలో పర్యావరణ రక్షణ సంస్థ చేయించిన ఒక చిన్న పరీక్షలో కొందరి క్రోమోజోములు దెబ్బతిన్నట్టు వచ్చిందని బయటపడ్డాక, కోపం పట్టలేక ఆ సంస్థ అధికారులిద్దర్ని సంఘం ఆఫీసులో కొన్ని గంటలు కదలనివ్వలేదు. ఆ పరీక్ష జరిపిన తీరును తర్వాత శాస్త్రవేత్తలే తప్పుపట్టారు. కానీ రెండు రోజులకు కార్టర్ రెండో ప్రకటన వచ్చింది. మొదటి, రెండో విడతలు కలిపి దాదాపు 900 కుటుంబాలు కదిలాయి. కొనుగోలు లెక్క కట్టిన తీరు గమనించదగ్గది. ఆ ఇంటి పక్కన రసాయనాలు లేవనుకుంటే ఎంత పలుకుతుందో అంత ఇచ్చారు. విషం ఉందని ఇల్లు కొంటున్నారు, విషం లేదన్న లెక్కన ధర ఇస్తున్నారు. న్యాయమైన పద్ధతే. అయితే ఆ న్యాయం ఇల్లు ఉన్నవాళ్ల వరకే. కాలువకు అవతల గ్రిఫన్ మేనర్ అనే ప్రభుత్వ అద్దె ఇళ్ల సముదాయం ఉండేది. ఎక్కువమంది నల్లజాతి కుటుంబాలు. వాళ్ల పిల్లలు ఆడుకున్నదీ ఆ మట్టిలోనే. కానీ అమ్ముకోవడానికి ఇల్లు లేనివాడికి పడిపోవడానికి ధర కూడా ఉండదు. నష్టాన్ని ఇంటి ధరతో కొలిచే చోట అద్దెవాళ్ల నష్టం సున్నా. వాళ్లు వేరే సంఘం పెట్టుకుని వేరే పోరాడాల్సి వచ్చింది.

ఇక్కడ అర్థశాస్త్రజ్ఞులు అడ్డుపడతారు, వాళ్ల మాట తేలిగ్గా తీసేయదగ్గది కాదు. లవ్ కెనాల్ ఒక విపరీతం, సాధారణంగా మార్కెట్టు అంత గుడ్డిది కాదంటారు. 1967లోనే రోనాల్డ్ రిడ్కర్, జాన్ హెనింగ్ అనే ఇద్దరు సెయింట్ లూయీ నగరంలో గాలి కాలుష్యం ఎక్కువున్న పేటల్లో ఇళ్ల విలువ తక్కువని లెక్క తేల్చారు. 1974లో షెర్విన్ రోజెన్ దీనికి సిద్ధాంతం కట్టాడు. ఇల్లంటే గదులు, బడి దూరం, గాలి, నీరు అన్నీ కలిసిన మూట అనీ, వేల అమ్మకాలు పోల్చి చూస్తే మూటలో ఒక్కొక్కదానికి జనం ఎంత ఇస్తున్నారో విడదీయవచ్చనీ ఆ సిద్ధాంతం సారం. 2015లో జానెట్ కరీ తదితరులు 1,600 ఫ్యాక్టరీలు తెరవడం, మూయడం పట్టి చూస్తే, ఫ్యాక్టరీ తెరిచాక అర మైలు లోపలి ఇళ్ల విలువ సుమారు 11 శాతం తగ్గింది. మరి ధర విషాన్ని కొలవలేదని ఎలా అంటావు అని అడిగితే, అదే పరిశోధనలోని రెండో సగం చూడమంటాను. ఫ్యాక్టరీ నడుస్తున్నప్పుడు తక్కువ బరువుతో బిడ్డలు పుట్టడం సుమారు 3 శాతం పెరిగినట్టు కనబడింది మైలు దూరం దాకా. ధర అర మైలు దగ్గరే ఆగిపోయింది. ఆ మిగిలిన అర మైలులో గాలి చెడ్డదే, బిడ్డలకు హాని ఉన్నదే, ఇళ్ల ధర మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. కిటికీలోంచి పొగగొట్టం ఎంత దూరం కనబడుతుందో ధరకు కూడా అంతే చూపు.

దీనికి అటుపక్క ఉదాహరణ నెవాడా రాష్ట్రంలోని చర్చిల్ కౌంటీ. 2000 ప్రాంతంలో అక్కడి ఫాలన్ అనే చిన్న ఊళ్లో పిల్లలకు రక్తక్యాన్సర్ కేసులు ఉన్నట్టుండి పెరిగాయి. నీళ్లు పరీక్షించారు, దుమ్ము పరీక్షించారు, రక్తం పరీక్షించారు. ఫలానాదే కారణమని ఎవరూ తేల్చలేకపోయారు. లూకస్ డేవిస్ అనే ఆర్థికవేత్త పక్క కౌంటీతో పోల్చి చూస్తే, భయం తారస్థాయిలో ఉన్న రోజుల్లో ఇళ్ల ధరలు సుమారు 15 శాతం తగ్గాయి. ఒకచోట విషం ఉండి ధర పడలేదు, ఇంకోచోట కారణమైన విషమేదో తేలకుండానే పడింది. రెండు చోట్లా ధరను కదిలించింది ఊరికి పేరు పడటమే.

పేరు పడటం అన్నానే గానీ, ఏ కాగితం పడితే ఆ కాగితం పేరు తేదు. నా వాదనకు ఎదురయ్యే గట్టి సాక్ష్యం ఇక్కడే ఉంది, దాటవేయడం మర్యాద కాదు. 1984 డిసెంబరులో భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు వెలువడి వేలమంది చచ్చిపోయారు. ఆ కంపెనీకి అదే రసాయనంతో నడిచే ఫ్యాక్టరీ అమెరికాలో కూడా ఉండటంతో అక్కడ జనం ఉలిక్కిపడ్డారు. 1986లో కొత్త చట్టం వచ్చింది. ఏ ఫ్యాక్టరీ ఏటా ఏ విషం ఎంత వదులుతుందో పట్టిక రాసి జనానికి ఇవ్వాలి. భోపాల్‌లో పోయిన ప్రాణాలకు ప్రతిగా అమెరికా ఇంటివాళ్లకు ఒక పట్టిక దక్కింది, భోపాల్ వాళ్లకు దక్కలేదు. అది వేరే కథ. ఆ పట్టికలు వచ్చాక మసాచుసెట్స్‌లో ఇళ్ల ధరలు మారాయా అని లిండా బుయి, క్రిస్టఫర్ మేయర్ చూశారు. చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. సమాచారం చేతికొచ్చినా ధర చలించలేదన్నమాట. అయితే వాదనను కొంచెం సవరించుకోవాలి. ఫ్యాక్టరీ పేరు, టన్నుల లెక్క ఉన్న పట్టికను చదివి ఎవరూ ఇల్లు అమ్మేసుకోరు. లవ్ కెనాల్ ప్రకటనలో ఉన్నవి వేరు. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్న గీత ఉంది, లోపలివాళ్లను లేచిపొమ్మన్న మాట ఉంది, డబ్బిస్తామన్న ఖజానా ఉంది. ఫాలన్‌లో ఖజానా లేకపోయినా రోజూ పత్రికల్లో ఆ ఊరి పేరు ఉంది. చిరునామా పట్టుకుని వచ్చిన మాటకే ధర తల తిప్పి చూస్తుంది.

లవ్ కెనాల్ మిగతా చరిత్ర ఈ సవరణను బలపరుస్తుంది. 1980 డిసెంబరు 11న కార్టర్ సూపర్‌ఫండ్ అని పిలిచే చట్టం మీద సంతకం పెట్టాడు. దేశంలోని కలుషిత స్థలాలకు మార్కులు వేసి జాబితా కట్టడం మొదలైంది. 28.5 మార్కులు దాటితే జాబితాలోకి, లేకపోతే బయట. ఆ అంకె వెనక వైద్యం ఏమీ లేదు, కనీసం 400 స్థలాలు జాబితాలో ఉండాలని చట్టసభ అడిగింది కాబట్టి అక్కడ గీత గీశారు. ఆ గీతకు కాస్త ఇటూ అటూ పడ్డ స్థలాలను 2008లో మైకేల్ గ్రీన్‌స్టోన్, జస్టిన్ గాలెగర్ పోల్చి చూస్తే, కోట్ల డాలర్లు పోసి శుభ్రం చేసినా చుట్టుపక్కల ఇళ్ల ధరలు లెక్కలోకి వచ్చేంత పెరగలేదని తేలింది. దీన్ని పట్టుకుని శుభ్రం చేయడమే దండగన్నవాళ్లున్నారు. ధర విషానికి కొలబద్ద అని ముందే ఒప్పుకున్నవాడికే ఆ ముగింపు నచ్చుతుంది. విషం చేరినప్పుడు పడని ధర విషం పోయినప్పుడు లేవకపోవడంలో వింతేముంది? లవ్ కెనాల్‌లో నిజంగా ధర లేచింది శుభ్రం చేసినందుకు కూడా కాదు. డ్రమ్ములను అక్కడి నుంచి తీయలేదు. చుట్టూ కందకం తవ్వి ఊటనీటిని పట్టి శుద్ధి చేస్తూ, పైన బంకమట్టి, ప్లాస్టిక్ పొర కప్పి, కంచె వేశారు. మొదటి రెండు వరసల ఇళ్లనూ బడినీ కూల్చేశారు. 1988లో ఆరోగ్య కమిషనర్ ఉత్తర, పడమర భాగాలు నివాసానికి పనికొస్తాయని రాసిచ్చాడు. 1990 నుంచి అక్కడ ఖాళీగా పడి ఉన్న ఇళ్లను బాగుచేసి, చుట్టుపక్కల ధర కన్నా తగ్గించి అమ్మకానికి పెట్టారు. పేటకు బ్లాక్ క్రీక్ విలేజ్ అని కొత్త పేరు. మొదట్లో బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడాయి. ఇంటి అప్పులకు పూచీపడే కేంద్ర ప్రభుత్వ సంస్థ సరేనన్నాకే బేరాలు ఊపందుకున్నాయి. రెండు వందల పైచిలుకు ఇళ్లు అమ్ముడయ్యాయి. 2004లో లవ్ కెనాల్‌ను సూపర్‌ఫండ్ జాబితా నుంచి తీసేశారు. కంచె లోపల 21,000 టన్నులూ అలాగే ఉన్నాయి.

ఇక మన దగ్గరి సంగతి. హైదరాబాద్‌కు పడమర దిక్కున పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు 1970ల నుంచి పెరిగాయి. వెనకబడిన మెదక్ జిల్లాకు పరిశ్రమలు రావాలని ప్రభుత్వం రాయితీలిచ్చింది. మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ కంపెనీలు వరసకట్టాయి. వాటి నీళ్లు ఇసకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలోకి చేరాయి. పొలాలు పాడయ్యాయి, బోర్లలో రంగునీళ్లు వచ్చాయి. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. తాగునీళ్లు ఇవ్వమని, నష్టపరిహారం కట్టమని ఆదేశాలు వచ్చాయి, తర్వాత కేసు హైకోర్టుకు, అక్కడి నుంచి హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. పరిహారం ఎకరాల లెక్కన పంట నష్టం కింద కట్టారు, భూమి విలువ పడిపోయిందన్న లెక్క ఎవరూ వేయలేదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. దాదాపు 90 మందుల కంపెనీల నీళ్లు చేరే చోటు. శుద్ధి చేశాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే దానికన్నా అది ఎక్కువ. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కాలుష్య సూచికలో పటాన్‌చెరు-బొల్లారానికి 70.07 మార్కులు వచ్చాయి, 70 దాటితే అతి తీవ్ర కాలుష్యం. ఇంత కాగితం ఉండీ, ఆ చుట్టుపక్కల భూముల ధరలు పడలేదు సరికదా, ఔటర్ రింగురోడ్డు వచ్చాక ఎక్కడికో పోయాయి. పొలాలు వెంచర్లయ్యాయి, వెంచర్లు అపార్టుమెంట్లయ్యాయి.

అంటే విషం అంత చెడ్డదేం కాదన్నమాట, నిజంగా చెడ్డదైతే అంత డబ్బు పోసి జనం కొంటారా అని వాదించేవాళ్లకు ఇది మంచి అవకాశం. కానీ పటాన్‌చెరు కాగితాలన్నీ ఫ్యాక్టరీలతో మాట్లాడినవే. 70.07 మార్కుల వల్ల 2010లో కొంతకాలం కొత్త పరిశ్రమలకు అనుమతులు ఆగాయి. ఏ సర్వే నంబరు ఆ గీత లోపల, ఏది బయట అన్నది ఇంటిస్థలం కొనేవాడికి ఎవరూ గీసి చూపలేదు. రెండో కారణం ఇంకా సూటిగా ఉంటుంది. రైతుకు భూమి అంటే దాని నీళ్లు, దాని మట్టి. అపార్టుమెంటు కొనేవాడికి భూమి అంటే ఐటీ కారిడార్‌కు ఎన్ని నిమిషాలన్నది. కింద బోరు ఎలా ఉన్నా నీళ్లు కుళాయిలోనో ట్యాంకరులోనో ఇంకెక్కడి నుంచో వస్తాయి. వరి పండని చోట కూడా ఐదంతస్తులు పండుతాయి. బోరు నీళ్లు తాగి, ఆ గడ్డి గేదెలకు మేపి, పంట పోగొట్టుకున్న తరానికి ధర పెరిగిన తర్వాత కూడా ఏమీ తిరిగి రాలేదు, చాలామంది పెరగకముందే అమ్ముకున్నారు. విషం భారం ఒకరిది, భూమి లాభం ఒకరిది. రెంటినీ ఒక్క అంకెలో వెతికితే రెండూ కనబడవు.

అయితే బాధితుడి పక్షాన ఉన్నవాళ్లే వేసే ప్రశ్న ఒకటుంది, నాకు అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది అదే. పేరు పడితేనే ధర పడుతుందంటే, పేరు పెట్టడం వల్ల నష్టపోయేది రెక్కలు ముక్కలు చేసుకుని ఒక్క ప్లాటు కొనుక్కున్నవాడే కదా? గీత గీసి, ఇది చెడ్డ నేల అని రాసి ప్రభుత్వం చేతులు దులిపేసుకుంటే వాడు నిండా మునుగుతాడు. లవ్ కెనాల్‌లో రెండో వరస అవతలి కుటుంబాలు రెండేళ్లు పడిన అవస్థ సరిగ్గా ఇదే. గొడవ చేసి ఇళ్ల ధరలు పాడుచేస్తున్నారని గిబ్స్ సంఘం మీద విసుక్కున్న ఇరుగుపొరుగు కూడా ఉన్నారు, వాళ్లను తెలివితక్కువవాళ్లనలేం. దీనికి నా జవాబు ఆ రెండేళ్ల చివర ఏం జరిగిందన్నదే. గీతతో పాటు డబ్బు వచ్చినప్పుడు జనం బయటపడ్డారు, డబ్బు లేని గీత వాళ్లను బందీలను చేసింది. గీతే లేకపోయి ఉంటే నష్టం లేకుండా పోయేది కాదు. ఆ ఇల్లు తర్వాత కొనే కుటుంబానికి, పూర్తి ధరకు, చేతులు మారేది.

మన చట్టం ఈ విషయంలో మూగదేం కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనుక్కోలేని లోపం ఆస్తిలో ఉందని తనకు తెలిస్తే అమ్మేవాడు చెప్పి తీరాలి. వందేళ్ల పైబడ్డ ఈ మాటలో చిక్కంతా తెలిస్తే అన్న చోట ఉంది. రైతు దగ్గర ఒకరు, వాళ్ల దగ్గర ఇంకొకరు, చివరికి ప్లాట్లు వేసినవాడు. మూడో చేతికి వచ్చేసరికి తెలిసినవాడు ఎవడూ మిగలడు. కలుషిత స్థలాలను గుర్తించి జాబితా కట్టే నియమాలు కేంద్రం 2025లో తెచ్చింది. ఆ జాబితా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగుతుందా, సర్వే నంబర్ల దాకా వస్తుందా అన్నది ఇక చూడాలి. ప్రస్తుతానికి ప్లాటు కొనేవాడు మీసేవకు వెళ్లి తీసుకునే ఈసీలో ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు వరసగా ఉంటాయి. దస్తావేజులో నాలుగు హద్దులు రాస్తారు. ఉత్తరాన ఫలానా వారి ప్లాటు, దక్షిణాన 30 అడుగుల రోడ్డు, పడమరన గుట్ట. తూర్పున వాగు ఉంటే వాగు అనే రాస్తారు. అందులో ఏం పారుతుందో రాసేందుకు గడి లేదు.